కొత్త ఇనుముకి, ఇత్తడికి పాతకాలపు రూపు: తరచుగా అడిగే ప్రశ్నలు

గేట్లు, గ్రిల్స్, లాంతర్లు, ఇత్తడి గంటలు కొత్తవి కొని, తాతల నాటివిలా కనిపించేలా చెయ్యమని శ్రీకాకుళంలో మా షెడ్డుకి వచ్చేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. షెడ్డులో చెప్పిందే ఫోన్లో, ఫోన్లో చెప్పిందే వాట్సాప్‌లో మళ్ళీ చెప్పాల్సి వస్తోంది. కొందరు ఎక్కడో చూసి సొంతంగా ప్రయత్నించి, సామాను పాడుచేసుకుని వచ్చారు. ఒకరిద్దరు చేతులు కాల్చుకున్నారు కూడా. అందుకే అందరూ అడిగేవి వాళ్ళ మాటల్లోనే ఇక్కడ రాస్తున్నాను. మీకు కావలసిన ప్రశ్న ఒక్కటే చదువుకున్నా సరిపోతుంది. తుప్పు పట్టించడం కష్టం కాదు, దాన్ని ఆపడమే కష్టం. నా జవాబుల్లో సగం దాని గురించే.

## మొదలుపెట్టక ముందు

తుప్పు పడితే ఇనుము పాడైపోద్ది కదండీ, మరి కావాలని పట్టించడం ఏటి?

నిజమే, వదిలేస్తే పాడవుతుంది. ఇనుము, గాలి, తేమ కలిస్తే తుప్పు. అది ఇనుముకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి పొంగి, పెచ్చులుగా రాలిపోతుంది. రాలినచోట కొత్త ఇనుము బయటపడి మళ్ళీ తుప్పు పడుతుంది. మనకి కావలసింది ఆ మొదటి పలచని పొర మాత్రమే. దాన్ని కొద్ది గంటల్లో తెప్పించి, కడిగి, ఎండబెట్టి, గాలి తేమ తగలకుండా మూసేస్తాం. ఈ పనిలో పోయే లోహం లెక్కలోకి రాదు.

అయితే 20 గేజ్ షీటు, అంటే ఒక మిల్లీమీటరు కూడా లేని రేకు, దీనికి తేవద్దు. 18 గేజ్ అయితే 1.2 మిల్లీమీటర్లు ఉంటుంది, ఫర్వాలేదు. ఢిల్లీ ఇనుప స్తంభం 1600 ఏళ్ళుగా నిలబడింది కదా, మా గేటు నిలబడదా అని అడిగేవాళ్ళున్నారు. ఆ ఇనుములో భాస్వరం ఎక్కువ. దానివల్ల పైన ఒక రక్షణ పొర కట్టింది. మన ఎం.ఎస్. పైపులో, అంటే బజార్లో దొరికే మామూలు మైల్డ్ స్టీలులో, ఆ గుణం లేదు.

నా దగ్గరున్నది ఏ లోహమో నాకే తెలీదు. ఎలా కనుక్కోవాలి?

ముందు అయస్కాంతం పెట్టండి. గట్టిగా అంటుకుంటే ఇనుమే. అది ఎం.ఎస్. కావచ్చు, జింకు పూత ఉన్న జి.ఐ. కావచ్చు. జి.ఐ. అయితే మీద తెల్లగా మెరుస్తూ, చాలాసార్లు పువ్వుల్లాంటి గీతలు కనిపిస్తాయి. స్టీలు సామాన్లలో కొన్నింటికి అయస్కాంతం అంటుతుంది, కొన్నింటికి అంటదు.

పసుపుగా ఉన్న లాంతరుకి అయస్కాంతం అంటుకుంటే అది ఇత్తడి కాదు, ఇత్తడి పూత వేసిన ఇనుము. బజార్లో అలాంటివి చాలా ఉన్నాయి. కనిపించనిచోట ఆకురాయితో చిన్నగా గీకి చూడండి. లోపల కూడా పసుపే ఉంటే ఇత్తడి, ఎర్రగా ఉంటే రాగి. కంచుని వేలితో కొడితే నాదం చాలాసేపు నిలుస్తుంది. అల్యూమినియం చేతిలోకి తీసుకోగానే బరువు చెప్పేస్తుంది. ఈ ఐదు నిమిషాల పని చెయ్యకుండా మందులు కొనుక్కున్నవాళ్ళే ఎక్కువ డబ్బు పోగొట్టుకున్నారు.

స్టెయిన్‌లెస్ స్టీలు రెయిలింగుకి తుప్పు రంగు వస్తాదా?

రాదు. అందులోని క్రోమియం తుప్పుని ఆపడానికే ఉంది. ఉప్పు, యాసిడ్ పెట్టి బలవంతం చేస్తే గుంటలు పడతాయి తప్ప అందమైన రంగు రాదు. దానికి పెయింటుతోనే ఆ రూపు తెప్పించాలి.

జి.ఐ. షీటుకి తుప్పు పట్టించడం ఎలాగండి?

పట్టించకండి. జింకు పూత ఉన్నంతకాలం ఎర్ర తుప్పు రాదు. రావాలంటే యాసిడ్‌తో ఆ పూత తీసెయ్యాలి. అంటే డబ్బిచ్చి కొన్న రక్షణని మీరే కడిగేసుకున్నట్టు. పైగా జింకుకి యాసిడ్ తగిలితే హైడ్రోజన్ వస్తుంది, దగ్గర్లో నిప్పు ఉంటే మండుతుంది.

జి.ఐ.కి తగిన పాత రూపు వేరే ఉంది. బూడిద రంగులో, మెరుపు చచ్చి, అక్కడక్కడ తెల్ల మచ్చలతో ఉన్న పాత బక్కెట్టు గుర్తుందా? అదే. షీటుని సబ్బుతో కడిగి, తెల్ల వెనిగర్‌లో ముంచిన గుడ్డ పరిచి, గంటకోసారి తీసి చూడండి. మెరుపు తగ్గిన చోట ఆపి బాగా కడగండి. ఇంకో మాట: జి.ఐ.ని వెల్డింగు చేసినా, మంట పెట్టి కాల్చినా వచ్చే తెల్ల పొగ పీల్చకూడదు. ఆ రాత్రికి చలి జ్వరం వచ్చి వణికిపోతారు.

అల్యూమినియం తలుపులున్నాయి, వాటికేం చెయ్యొచ్చు?

పెయింటు ఒక్కటే. కాస్టిక్ సోడాతో మసకగా చెయ్యొచ్చని కొందరు చెబుతారు. ఆ ద్రావణం కంట్లో పడితే చూపు పోతుంది. ఇంట్లో వద్దు.

మాది కళింగపట్నం, సముద్రం కనిపించేంత దగ్గర. మా ఇంటికి ఈ పని పనికొస్తదా?

ఇంటి లోపల వేలాడే లాంతరుకి, గోడకి తగిలించే పలకకి హాయిగా చేసుకోండి. బయట, గాలికి ఎదురుగా ఉండే గ్రిల్‌కి, గేటుకి మాత్రం నిజమైన తుప్పు వద్దని చెబుతాను. కళింగపట్నం, భావనపాడు, బారువ, ఈ తీరం పొడుగునా గాలిలో ఉప్పు ఉంటుంది. ఉప్పు తేమని లాక్కుంటుంది, తేమ తుప్పుని పెంచుతుంది. మనం పైన ఎంత మంచి క్లియర్ (రంగులేని వార్నిష్) కొట్టినా ఎక్కడో ఒక సన్న గీత పడుతుంది. అక్కడి నుంచి లోపలికి పాకిపోతుంది.

తీరం ఊళ్ళవాళ్ళకి నేను చెప్పేది ఒకటే: గ్రిల్‌కి ముందు మంచి ప్రైమర్ రెండు పూతలు వేయించుకోండి, దాని మీద తుప్పు రంగు పెయింటుతో తెప్పించుకోండి. రెండడుగుల దూరం నుంచి చూస్తే తేడా తెలీదు. గ్రిల్ పదేళ్ళుంటుంది.

కార్టెన్ స్టీలు తెప్పిస్తే దానంతటదే తుప్పు పట్టి ఆగిపోద్దంట కదా?

ఆగుతుంది, సరైనచోట పెడితే. అది 1933లో అమెరికాలో బజారుకొచ్చిన ఉక్కు. రాగి, క్రోమియం లాంటివి కొద్దిగా కలిపి చేస్తారు. తడిసి, పూర్తిగా ఆరి, మళ్ళీ తడుస్తూ ఉంటే మీద గట్టి పొర కడుతుంది. ఎప్పుడూ తడిగా ఉండేచోట, ఉప్పుగాలి తగిలేచోట ఆ పొర కుదురుకోదు, మామూలు ఇనుములాగే తినేస్తుంది. పాలకొండ, బొబ్బిలి, సాలూరు వైపు ఆలోచించొచ్చు. సముద్రపు ఒడ్డు ఊళ్ళకి డబ్బు దండగ.

## లోహాన్ని సిద్ధం చెయ్యడం

కొత్త షీటు మీద వెనిగర్ పోసి రెండు రోజులు ఉంచాను. ఏమీ అవ్వలేదు. ఎందుకు?

రెండు కారణాల్లో ఒకటి. నున్నగా మెరిసే సి.ఆర్. షీటుకి తుప్పు పట్టకుండా కంపెనీలో నూనె రాస్తారు. నూనె మీద వెనిగర్ ముత్యాల్లా జారిపోతుంది. నీలి నలుపు రంగులో ఉండే హెచ్.ఆర్. షీటు అయితే, ఎర్రగా కాలి ఉన్నప్పుడు కట్టిన నల్ల పొలుసు దానిమీద ఉంటుంది. ఆ పొలుసు ఇనుముని మూతలా కప్పేస్తుంది.

నూనెకి: థిన్నర్‌తో తుడిచి, తర్వాత గిన్నెలు తోమే సబ్బుతో వేడినీళ్ళతో కడగండి. నీళ్ళు పోస్తే చుక్కలుగా విడిపోకుండా పలకంతా పరుచుకోవాలి. అప్పుడే నూనె పోయినట్టు.

పొలుసుకి: చిన్న సామాను అయితే వెనిగర్‌లో రాత్రంతా మునిగేలా ఉంచి, పొద్దున్నే వైర్ బ్రష్‌తో రుద్దితే నల్లటి బురదలా వచ్చేస్తుంది. పెద్ద గేటు అయితే గ్రైండరుకి కప్పు బ్రష్ వేసి తీయించాలి. ఆఖర్న 80 నంబరు ఎమరీ పేపరుతో ఒకసారి గీకండి. గరుగ్గా ఉంటేనే రంగు పట్టుకుంటుంది. శుభ్రం చేశాక చేత్తో ముట్టుకోకండి. వేలిముద్రలు కూడా తర్వాత మచ్చలై కనిపిస్తాయి.

వెల్డింగు షాపువాళ్ళు ముందే రెడ్ ఆక్సైడ్ కొట్టేసి ఇచ్చారు. దానిమీద చెయ్యొచ్చా?

మందులతో కాదు, ప్రైమర్ ఉన్నచోట తుప్పు రాదు. పెయింటు పద్ధతికైతే సగం పని అయిపోయినట్టే. నిజం తుప్పే కావాలంటే పెయింట్ రిమూవర్‌తో మొత్తం తీయాలి. మూలల్లో, వెల్డింగు అతుకుల దగ్గర మిగిలిపోతుంది, అదే తర్వాత మచ్చగా కనిపిస్తుంది. గేటు ఆర్డరు ఇచ్చే రోజే "ప్రైమర్ వద్దు, ఒట్టి ఇనుమే ఇవ్వండి" అని చెప్పుకోవడం మేలు.

ఇంట్లో పిల్లలున్నారు. ఈ మందుల్లో ప్రమాదమైనవి ఏవి?

అన్నిటికన్నా ముందు బ్లీచింగ్ పౌడరు. పంచాయతీ వాళ్ళు నూతిలో వేసి, కాలవల్లో చల్లి వెళ్తారు కాబట్టి ప్రతి ఇంట్లో ఉంటుంది, భయం కూడా ఉండదు. దాన్ని వెనిగర్‌తోగానీ, బాత్రూం కడిగే యాసిడ్‌తోగానీ కలిపితే క్లోరిన్ వస్తుంది. అమ్మోనియాతో కలిపినా విషవాయువే. గది మూసి ఉంటే ప్రాణం మీదికి వస్తుంది. బ్లీచింగుతో తుప్పు త్వరగా పడుతుందని ఎవరు చెప్పినా ఆ సీసా ఈ పనికి తీయకండి.

పని ఆరుబయటే చెయ్యాలి. రబ్బరు గ్లవ్స్, కళ్ళద్దాలు తప్పవు. యాసిడ్ పలచన చెయ్యాల్సి వస్తే నీళ్ళలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్ళు పోస్తే చిమ్ముతుంది. కూల్‌డ్రింక్ సీసాల్లో, మంచినీళ్ళ సీసాల్లో ఏ మందూ పోసి ఉంచకండి. ఈ ఒక్కటి చెయ్యి పట్టుకుని బతిమాలుకుంటున్నాను.

## ఇనుముకి తుప్పు రంగు

ఇంట్లో దొరికేవాటితో చేసే కొలతలు చెప్పండి.

కావలసినవి తెల్ల వెనిగర్, హైడ్రోజన్ పెరాక్సైడ్, వంట ఉప్పు. మందుల షాపులో ఇచ్చే పెరాక్సైడ్ సీసా మీద 20 వాల్యూమ్ అని ఉంటే అది సుమారు 6 శాతం. దానికి సమంగా నీళ్ళు కలిపితే 3 శాతం అవుతుంది, అది చాలు.

ముందు నూనె, పొలుసు పూర్తిగా తీసిన ఇనుము మీద ఒట్టి వెనిగర్ స్ప్రే చేసి ఎండలో ఆరనివ్వండి. ఇలా రెండు మూడుసార్లు. మెరుపు పోయి మసకబారుతుంది. తర్వాత 3 శాతం పెరాక్సైడ్ అర లీటరులో 60 మిల్లీలీటర్ల వెనిగర్, చిన్న చెంచాతో ఒకటిన్నర చెంచా ఉప్పు కరిగించి స్ప్రే చెయ్యండి. తగలగానే బుసబుసమని నురగ వస్తుంది, కళ్ళముందే నారింజ రంగు ఎక్కుతుంది. పది నిమిషాల్లో ఆరిపోతే ఇంకో విడత. మూడు నుంచి ఐదు విడతలు చాలు. మొదట్లో రంగు మరీ పచ్చి నారింజలా ఉంటుంది. కంగారు పడొద్దు, ఒక రాత్రి గడిస్తే గోధుమ రంగులోకి దిగుతుంది.

కలిపిన మందుని ఆ పూటే వాడెయ్యాలి. మూత బిగించి దాచితే లోపల గాలి నిండి సీసా పగిలిపోతుంది. దాని ఆవిరి ముక్కుకి, కళ్ళకి మంట పెడుతుంది కాబట్టి గాలికి వీపు పెట్టి నిలబడండి.

అంత ఎందుకండి, ఒట్టి ఉప్పునీళ్ళు కొడితే చాలదా?

తుప్పయితే పడుతుంది, మెల్లగా. నా అభ్యంతరం వేరే. రోజూ కొడుతూ పోతే లోహం మీద ఉప్పు పేరుకుపోయి సూక్ష్మమైన గుంటల్లో దూరుతుంది. అది తర్వాత ఎన్నిసార్లు కడిగినా పూర్తిగా రాదు. సముద్రపు నీళ్ళు తెచ్చి కొట్టినవాళ్ళ సామాను చూశాను, ఏడాదికే పెచ్చులు లేచాయి. ఉప్పు ఎంత తక్కువ వాడితే అంత మంచిది.

వర్షాకాలంలో డాబా మీద పడేస్తే దానంతటదే అవ్వదా?

అవుతుంది, ఓపిక ఉంటే అందమైన రంగు అదే. జూన్‌లో పెడితే సెప్టెంబరుకి తయారు. వారానికోసారి తిప్పుతూ ఉండాలి, లేకపోతే నీరు నిలిచినచోట లోతుగా తినేస్తుంది. గచ్చు మీద నేరుగా పెడితే గచ్చుకి మరక పడుతుంది, కింద చెక్కలు వెయ్యండి. పని ఆపేది మీ చేతిలో ఉంటుంది కాబట్టి తొందరలేని సామానుకి నేను ఈ పద్ధతే చేస్తాను.

నా దానికి అంతా ఒకటే రంగు వచ్చింది, బొమ్మకి రంగేసినట్టుంది. పాతదానిలా మచ్చలు మచ్చలుగా ఎలా?

పాత గేటు ఒకదాన్ని దగ్గరగా చూడండి. చెయ్యి తగిలేచోట, గడియ దగ్గర ఇనుము నునుపుగా, నల్లగా మెరుస్తుంది. నీరు నిలిచే అడుగు భాగంలో, అతుకుల్లో తుప్పు మందంగా ఉంటుంది. పై అంచున పలచగా ఉంటుంది. మీరు కూడా అలాగే చెయ్యాలి.

మొత్తం మీద సమంగా స్ప్రే చెయ్యకండి. ఒక విడత అయ్యాక గుడ్డ ముక్క, కొబ్బరి పీచు, చితకగొట్టిన వేపపుల్ల, ఏదైనా తీసుకుని మందులో ముంచి అక్కడక్కడ అద్దండి. కొన్నిచోట్ల పలకని నిలబెట్టి చారలుగా కారనివ్వండి. ఆరాక చెయ్యి తగిలే భాగాలని సన్న ఎమరీతో రుద్ది తుప్పు తీసెయ్యండి. పాతదనం కళ్ళకి నమ్మకంగా తోచేది ఈ అరుగుదలతోనే.

ఎర్రగా వద్దు. కమ్మరి కొలిమిలోంచి వచ్చినట్టు నల్లగా కావాలి.

రెండు దారులు. చిన్న సామాను అయితే, గొళ్ళెం, మేకు, దీపం కొక్కెం లాంటివి, బాగా వేడిచేసి అవిసె నూనె పలచగా రాస్తే కాలి నల్లగా అతుక్కుపోతుంది. కమ్మరి చేసేది ఇదే. మండే అవకాశం ఉంది కాబట్టి పట్టకారుతో, ఆరుబయట, పక్కన ఇసుక పెట్టుకుని చెయ్యాలి.

రెండోది కరక్కాయ. మన మన్యం అడవుల్లో దొరికేదే, సంతల్లో అమ్ముతారు. నలగ్గొట్టి ఒక గుప్పెడు లీటరు నీళ్ళలో మరిగించి రాత్రంతా ఉంచి వడకట్టండి. పలచగా తుప్పు పట్టిన ఇనుము మీద ఆ కషాయం రాస్తే ఎరుపు కాస్తా నీలి నలుపుగా మారుతుంది. కరక్కాయలోని వగరు పదార్థం తుప్పుతో కలిసి నల్ల పొర కడుతుంది. కలంకారీలో నలుపు వచ్చేదీ కరక్కాయకీ ఇనుముకీ కుదిరిన ఈ పొత్తుతోనే. నాకు ఇన్ని పద్ధతుల్లో మనసుకి దగ్గరైనది ఇది. రంగు లోతుగా ఉంటుంది, చేతికి అంటడం కూడా తగ్గుతుంది. అయినా మీద క్లియర్‌గానీ మైనంగానీ తప్పదు.

## ఇత్తడి, రాగి, కంచు

బుడితి నుంచి కొత్త ఇత్తడి కూజా తెచ్చాం. దాన్ని పాతదిలా చేసేద్దామా?

చెయ్యొచ్చు, కానీ ఒక్క క్షణం ఆగమంటాను. సారవకోట మండలంలోని బుడితిలో చేసే ఈ ఇత్తడి, కంచు పనికి భౌగోళిక గుర్తింపు ఉంది. సుత్తి దెబ్బల గుర్తులు, చెక్కిన గీతలు దాని అందం. మందంగా చిలుము పట్టిస్తే ఆ పని అంతా దాని కింద దాక్కుంటుంది.

నా సలహా: మీద లక్క పూత ఉంటే థిన్నర్‌తో తీసేసి, ఏమీ రాయకుండా అలమార మీద పెట్టండి. మన గాలి తేమకి కొన్ని నెలల్లోనే తేనె రంగులోకి, ఏడాదికి ముదురు గోధుమలోకి దిగుతుంది. త్వరగా కావాలంటే వెనిగర్‌లో కొద్దిగా ఉప్పు కలిపి గుడ్డతో తుడిచి, చెక్కిన గీతల్లో నల్లదనం చేరాక ఎత్తుగా ఉన్న భాగాలని చింతపండుతో తోమండి. గీతలు నల్లగా, పైభాగం బంగారంలా నిలుస్తుంది. అప్పుడు పనివాడి చేతి పని ఇంకా బాగా కనబడుతుంది.

పాత గుడి గంటలా పచ్చగా చిలుము రావాలంటే?

రంపపు పొట్టు తీసుకోండి, లేకపోతే వరి ఊక. నాలుగు కప్పుల వెనిగర్‌కి ఒక కప్పు ఉప్పు కలిపి, పొట్టు తడిసేంత పోయండి, నీరు కారకూడదు. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సామానుని ఆ పొట్టులో పూడ్చి పెట్టండి. రోజుకోసారి తీసి చూడండి. రెండో రోజు నుంచి రంగు మొదలవుతుంది, నాలుగైదు రోజులకి చుక్కలు చుక్కలుగా పచ్చ, నీలం కలిసి వస్తాయి. రాగి మీద రంగు ప్రకాశంగా, ఇత్తడి మీద కొంచెం గోధుమ కలిసి, కంచు మీద ముదురుగా ఉంటుంది. బయటికి తీశాక ముట్టుకోకుండా ఒక రోజు ఆరనివ్వాలి, తడి మీద తుడిస్తే అంతా వచ్చేస్తుంది.

ఈ చిలుము విషం. పని చేసిన చేతులతో ముద్ద ముట్టకూడదు.

కోడిగుడ్డుతో రాగి నల్లబడుద్దంటారు, నిజమేనా?

నిజమే. గట్టిగా ఉడికించిన గుడ్లు రెండు చిదిపి, మూసే కవర్లో రాగి సామానుతోపాటు పెట్టండి, గుడ్డు లోహానికి తగలకూడదు. గుడ్డులోని గంధకం వాయువుగా వచ్చి రాగిని ముందు గోధుమ, తర్వాత నలుపు చేస్తుంది. కొన్ని గంటల నుంచి ఒక రాత్రి పడుతుంది. ఇత్తడి మీద అంత బాగా పట్టదు.

అమ్మోనియా ఆవిరి పెట్టాను, నీలం రంగు బాగా వచ్చింది కానీ చెంబు అంచు చీలిపోయింది. లోహం కల్తీదా?

కల్తీ అయి ఉండక్కర్లేదు. సుత్తితో కొట్టి, వంచి, లాగి చేసిన పల్చని ఇత్తడిలో బిగువు దాగి ఉంటుంది. అమ్మోనియా తగిలితే ఆ బిగువున్నచోట చీలుతుంది. బ్రిటిష్ సైన్యం కాలంలో మన దేశంలోనే ఇది బయటపడింది. వానాకాలంలో గుర్రపుశాలల్లో దాచిన తూటాల ఇత్తడి గొట్టాలు వాటంతటవే చీలిపోయేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా కారణమని 1921లో తేల్చారు. పోతపోసిన మందపాటి గంటకి ఈ భయం తక్కువ. పల్చని చెంబులకి, కూజాలకి అమ్మోనియా జోలికి పోవద్దు.

వంటకి వాడే ఇత్తడి గిన్నెకి బయట మాత్రమే చేస్తే తప్పా?

చెయ్యకండి. బయట పట్టిన చిలుము కడిగేటప్పుడు లోపలికి వస్తుంది. వంట గిన్నెకి లోపల కళాయి, బయట చింతపండు తోముడు, అంతే.

## మందులు వద్దు, రంగుతో కావాలంటే

యాసిడ్లంటే భయం. పెయింటుతో నిజం తుప్పులా తెప్పించొచ్చా?

తప్పకుండా. అందులో వాడే రంగు కూడా నిజానికి తుప్పే. జేగురు అంటే ఇనుప ఆక్సైడే కదా. గచ్చులో కలిపే ఎర్ర, పసుపు, నల్ల ఆక్సైడ్ పొడులు హార్డ్‌వేర్ షాపులో దొరుకుతాయి, అవీ అదే జాతి.

ప్రైమర్ ఆరాక ముదురు గోధుమ రంగు మ్యాట్ పెయింటు ఒక పూత. అది ఇంకా జిగటగా ఉండగానే పలచని గుడ్డలో ఎర్ర పొడి మూటకట్టి దులపండి. ఒకేచోట కాదు, మూలల్లో ఎక్కువ, మధ్యలో తక్కువ. ఆరాక మెత్తని బ్రష్‌తో అంటనిది దులిపేసి, స్పాంజి ముక్కతో నారింజ, గోధుమ రంగులు అక్కడక్కడ అద్దండి. స్పాంజిని తిప్పుతూ అద్దాలి, లేకపోతే ఒకే అచ్చు మళ్ళీ మళ్ళీ పడి దొరికిపోతారు. పసుపు పొడి చాలా కొద్దిగా, కొత్త తుప్పు ఉన్నట్టు కనిపించాల్సినచోట మాత్రమే. ఆఖర్న మ్యాట్ క్లియర్. మెరిసే క్లియర్ కొడితే చేసిందంతా పాడవుతుంది.

పాత కిటికీ ఊచల్లా రంగు పెచ్చులు లేచినట్టు ఎలా చెయ్యాలి?

కింద తుప్పు రంగు వేసి ఆరనివ్వండి. పెచ్చులు లేవాల్సినచోట వేలితో వాజలిన్ రాసి, పైన ఆకుపచ్చగానీ నీలంగానీ పెయింటు వెయ్యండి. ఆరాక గరిటె అంచుతో గీకితే వాజలిన్ ఉన్నచోట రంగు ఊడి వస్తుంది. మిగిలిన జిడ్డుని సబ్బునీళ్ళతో తుడవండి.

## ఆపడం, మూసెయ్యడం

నచ్చిన రంగు వచ్చింది. ఇప్పుడు ఎలా ఆపాలి?

లీటరు నీళ్ళలో రెండు చెంచాల వంట సోడా కలిపి మొత్తం తడపండి, మిగిలిన యాసిడ్ చస్తుంది. తర్వాత మంచినీళ్ళతో మూడుసార్లు కడగండి. మంచినీళ్ళు అని ఊరికే అనడం లేదు. తీరం వైపు ఊళ్ళలో చాలా బోర్లు ఉప్పు నీళ్ళే, వాటితో కడిగితే తీసిన ఉప్పు మళ్ళీ పెట్టినట్టే. వాన నీళ్ళు పట్టుకుంటే ఇంకా మంచిది.

కడిగాక మంచి ఎండలో రెండు రోజులు. వదులుగా ఉన్న పొడిని మెత్తని బ్రష్‌తో దులిపెయ్యండి. ఉప్పు పోయిందో లేదో తెలియాలంటే సాయంత్రం చల్లబడ్డాక చూడండి. అక్కడక్కడ చెమ్మగిల్లి ముదురుగా కనిపిస్తే ఉప్పు ఇంకా ఉంది, మళ్ళీ కడగాలి.

క్లియర్ కొట్టగానే రంగు నల్లబడిపోయింది. ఏం తప్పు చేశాను?

తప్పేం లేదు. తుప్పు పొడిగా ఉన్నప్పుడు లేతగా, తడిగా ఉన్నప్పుడు ముదురుగా ఉంటుంది. క్లియర్ దాన్ని ఎప్పటికీ తడిగా ఉన్నట్టు చూపిస్తుంది. నీళ్ళు చల్లి చూస్తే ఆఖరి రంగు ఎలా ఉంటుందో దాదాపు తెలిసిపోతుంది. అందుకే కావలసినదానికన్నా కాస్త లేతగా ఉండగానే ఆపాలి.

క్లియర్ కొట్టిన నాలుగు నెలలకి అప్పడంలా పొంగులు లేచాయి. క్లియర్ మంచిది కాదా?

చాలాసార్లు తప్పు క్లియర్‌ది కాదు, కింద మిగిలిన ఉప్పుది. ఇది నేను నా డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. సముద్రం వైపు బాల్కనీ గ్రిల్ ఒకటి చేశాను. రంగు ఎంత బాగా వచ్చిందంటే ఆ ఉత్సాహంలో అక్కడి బోరు నీళ్ళతోనే ఒక్కసారి కడిగి, మర్నాడే క్లియర్ కొట్టేశాను. ఆ వానాకాలం దాటకుండానే గ్రిల్ నిండా పొంగులు. వేలితో నొక్కితే కింద నీరు. ఇంటి పెద్దాయన ఒక్క మాట కూడా కోప్పడలేదు, అది ఇంకా బాధగా అనిపించింది. గ్రిల్ విప్పించి తెచ్చి, మొత్తం గీకి, మొదటి నుంచి చేశాను.

మీకు కూడా అలా అయితే పొంగుల మీదే ఇంకో పూత కొట్టకండి. క్లియర్ మొత్తం తీసి, మంచినీళ్ళతో కడిగి, రెండు రోజులు ఎండబెట్టి, గాలిలో తేమ లేని పూట చూసి మళ్ళీ కొట్టాలి.

క్లియర్ వద్దు, నూనెగానీ మైనంగానీ రాయొచ్చా?

ఇంటి లోపలి సామానుకి అవే బాగుంటాయి. తేనెమైనం టర్పెంటైన్‌లో కరిగించి, పలచగా రాసి, ఆరాక గుడ్డతో రుద్దితే ఇనుము నిండుగా కనిపిస్తుంది. ఆరు నెలలకోసారి మళ్ళీ రాయాలి.

అవిసె నూనె కూడా మంచిదే, కానీ దాన్ని తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడెయ్యకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి పోయే దారిలేక గుడ్డ తనంతట తనే అంటుకుంటుంది. నీళ్ళ బక్కెట్లో ముంచండి, లేదా ఆరుబయట విడివిడిగా పరిచి ఆరనివ్వండి.

పలాసలో జీడిపిక్క తొక్కల నూనె దొరుకుద్ది కదా, అది రాస్తే?

ముదురు గోధుమ రంగు అయితే వస్తుంది. పెయింట్లు, వార్నిష్‌ల తయారీలో దాన్ని శుద్ధి చేసి వాడతారు కూడా. పచ్చి నూనె మాత్రం చర్మానికి తగిలితే బొబ్బలు లేస్తాయి, ఆరడానికి రోజులు పడుతుంది. పదిమంది చెయ్యి వేసే గేటుకి, రెయిలింగుకి అస్సలు వద్దు.

కుర్చీకి తుప్పు ఫినిషింగ్ చేయించాం, బట్టలకి అంటుతోంది.

వదులు పొడి దులపకుండా క్లియర్ కొట్టి ఉంటారు, లేదా ఒక్క పూతే కొట్టి ఉంటారు. మెత్తని బ్రష్‌తో, తర్వాత పొడి గుడ్డతో గట్టిగా తుడిచి, గుడ్డకి రంగు అంటడం ఆగాక రెండు పలచని పూతలు మ్యాట్ క్లియర్ కొట్టండి. కూర్చునేచోట, చేతులు పెట్టేచోట మూడో పూత.

## తర్వాత

గేటు కింద గచ్చు మీద, గోడ మీద ఎర్ర చారలు పడ్డాయి. పోతాయా?

కొత్త మరకైతే నిమ్మరసం పోసి అరగంట ఉంచి రుద్దితే చాలావరకు పోతుంది. పాలరాయి మీద నిమ్మరసం పొయ్యకండి, రాయి మెరుపు తినేస్తుంది. చార పడిందంటే గేటు మీద క్లియర్ ఎక్కడో విడిపోయింది. ముందు ఆ చోటు వెతికి మూయండి.

తుఫాను వచ్చి వెళ్ళాక ఏమైనా చెయ్యాలా?

గాలి తగ్గి, బయటికి రావడం క్షేమం అనుకున్నాక మంచినీళ్ళతో కడగండి. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు లోపలి ఊళ్ళ గ్రిల్స్ మీద కూడా ఉప్పు జిడ్డు పట్టింది. అప్పుడు కడిగినవాళ్ళవి బాగానే ఉన్నాయి. ఎగిరి వచ్చిన కొమ్మలు, రేకులు గీసిన గీతలు ఉంటే ఆరాక అక్కడ మాత్రం క్లియర్ అద్దండి.

ఇలా చేసిన గంటని పాతకాలం సామాను అని అమ్ముకుంటే ఏమవుద్ది?

నేను చేసివ్వను. పాతదిలా ఉన్న కొత్త గంట అని చెప్పి అమ్మండి, కొనేవాళ్ళు సంతోషంగా కొంటారు. మన దేశంలో 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం ఇలాంటి వస్తువు పురావస్తువు అనిపించుకోవాలంటే వందేళ్ళకి తక్కువ ఉండకూడదు. అలాంటివాటి అమ్మకానికి లైసెన్సు కావాలి, సొంతంగా విదేశాలకి పంపడానికి వీల్లేదు. మా షెడ్డులో చేసిన ప్రతి సామాను అడుగున చేసిన సంవత్సరం చిన్న అచ్చు గుద్దుతున్నాను. వద్దన్నవాళ్ళకి పని తిరిగి ఇచ్చేస్తున్నాను.